కోర్టు ముందటి ఒప్పుకోలు, దేవుని ముందటి ఒప్పుకోలు

నిజామాబాదు నుండి మంచిర్యాలకు పోవు 63వ నంబరు జాతీయ రహదారి మన కోరుట్ల మీదుగా, జగిత్యాల మీదుగా పోవుచున్నది. సిరిసిల్ల ప్రక్కన వేములవాడకును కామారెడ్డికిని పోవు రోడ్లు రాత్రింబవళ్లు బండ్లతో నిండియుండును. ప్రొద్దుగూకిన తరువాత ఇట్టి రోడ్ల మీద పోలీసువారు బండ్లను ఆపి, నడుపువానిని ఒక చిన్న మిషనులోనికి ఊదుమని అడుగుట ఇప్పుడు పిల్లలకు సహితము తెలిసిన సంగతి. మిషను ఒక అంకె చూపును. చీటీ వచ్చును. కొన్నాళ్లకు ఆ మనిషి కోర్టు వరండాలో నిలువబడును.

ఆ వరండాకు పోకమునుపు మన సంఘస్థులలో కొందరు పాదిరి ఇంటికి వచ్చుట కలదు. వారు అడుగునవి మూడు ప్రశ్నలు. ఒకడు, “అయ్యగారూ, తాగింది నిజమే. కానీ ఒప్పుకోకుంటే కేసు నిలవదంటున్నడు వకీలు. ఒప్పుకోకపోతే పాపమా?” అని అడుగును. మరియొకడు, “నేను తాగలే. కానీ ఒప్పుకుంటే ఒక్క రోజుల అయిపోతదట. జుర్మానా కట్టి వస్త, ఏమైతది?” అనును. మూడవవాడు, “మా తమ్ముడు ఆ రాత్రి మీ ఇంట్ల ప్రార్థనల ఉన్నడని ఒక్క మాట చెప్పుండ్రి. మీ మాటంటే నమ్ముతరు” అనును.

ఈ మూడును వేర్వేరు ప్రశ్నలుగా కనబడును గాని వాటి అడుగున ఉన్నది ఒక్కటే. రుజువు కానిది జరుగనట్లేనా? జుర్మానా కట్టినది తీరినట్లేనా? ఈ మాసము దీనిని గూర్చి కొంచెము నిదానముగా ఆలోచింతము.

చట్టము అడుగునది ఏమి?

త్రాగుట మంచిదా చెడ్డదా అను మాట చట్టము ఇక్కడ అడుగుటలేదు. అది అడుగునది కొలత. 1939వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము మొదట ఏ కొలతయు చెప్పక, బండిని అదుపులో ఉంచలేనంతగా మత్తులో ఉన్నాడా అని మాత్రమే చూచెను. ఇప్పుడు అమలులోనున్న 1988వ సంవత్సరపు చట్టము 185వ సెక్షనులో ఒక అంకె పెట్టినది: 100 మిల్లీలీటర్ల రక్తములో 30 మిల్లీగ్రాములకు మించి మద్యసారము ఉండరాదు. ఇంగ్లండులో ఈ హద్దు 80, స్కాట్లండులో 2014 నుండి 50. మన దేశపు హద్దు వారి హద్దుకంటె కఠినమైనది. హద్దు దాటినవానికి 2019 సవరణ ప్రకారము మొదటి నేరమునకు ఆరు నెలలవరకు జైలు, లేక 10,000 రూపాయల జుర్మానా, లేక రెండును. మరల చేసినయెడల రెండు సంవత్సరములవరకు జైలు, లేక 15,000 రూపాయలు, లేక రెండును. ఇదిగాక లైసెన్సు సంగతి కలదు. నేరము రుజువైనప్పుడు ఆరు నెలలకు తక్కువ కాకుండ బండి నడుపు అర్హతను కోర్టు తీసివేయవలెనని అదే చట్టపు 20వ సెక్షను చెప్పుచున్నది.

ఊపిరిని బట్టి రక్తము సంగతి ఎట్లు తెలియును? త్రాగిన మద్యసారము రక్తములో కలిసి ఊపిరితిత్తులకు చేరినప్పుడు కొంత ఆవిరియై శ్వాసతో వెలుపలికి వచ్చును. సుమారు 2,100 మిల్లీలీటర్ల శ్వాసలో ఉండునంత మద్యసారము ఒక మిల్లీలీటరు రక్తములో ఉండునని లెక్క వేసికొని యంత్రము అంకె చూపును. అమెరికాలోని ఇండియానా రాష్ట్రమునందు రాబర్ట్ బోర్కెన్‌స్టైన్ అను పోలీసు అధికారి 1954లో ఇట్టి యంత్రమునకు రూపు ఇచ్చెను. అయితే ఈ లెక్క అందరి దేహములకును సరిగా ఒక్కటే కాదు. అప్పుడే నోటిలో పోసికొన్నది గాని, మద్యసారము కలిసిన మందుతో పుక్కిలించినది గాని యంత్రమును కొంతసేపు మోసపుచ్చగలదు. అందుచేతనే పదునైదు నిమిషములు ఆగి ఊదించుట మంచి పద్ధతి అందురు. మరియు గంట గంటకును దేహము 10 మొదలు 20 మిల్లీగ్రాముల వరకు తగ్గించుకొనుచుండును గనుక, ఆలస్యమైన పరీక్ష తక్కువ చూపును. కాలము గడచుచుండగా ఈ సాక్ష్యము దానంతట అదే కరగిపోవును.

అందుచేత చట్టము గడియారమును చేతపట్టుకొని నడచుచున్నది. 203వ సెక్షను ప్రకారము అనుమానించుటకు తగిన కారణము ఉన్నప్పుడు యూనిఫారములో ఉన్న పోలీసు అధికారి ఊదుమని అడుగవచ్చును. ఆ ఫలితము కోర్టులో సాక్ష్యముగా చెల్లును. యంత్రము మద్యము చూపినను, లేక మనిషి ఊదుటకు నిరాకరించినను, 204వ సెక్షను క్రింద రక్తము తీయించి ప్రయోగశాలకు పంపవచ్చును. నిరాకరించుట వలన తప్పించుకొందునని ఎవరును అనుకొనరాదు. తగిన కారణము చూపక నిరాకరించినయెడల, ఆ నిరాకరణయే అతనికి విరోధమైన సాక్ష్యమునకు బలమిచ్చు సంగతిగా ఎంచవచ్చునని 205వ సెక్షను చెప్పుచున్నది. అయితే పోలీసువారి మీదను కట్టడి కలదు. ఈ నేరమునకు అరెస్టు చేసినవానిని రెండు గంటలలోగా డాక్టరుచేత పరీక్ష చేయించవలెను, లేనియెడల విడిచిపెట్టవలెను.

ఇంకొక మాట మనవారు తెలిసికొనవలెను. పోలీసు అధికారి ఎదుట “అవును సారు, తాగిన” అని చెప్పిన ఒప్పుకోలు కోర్టులో రుజువుగా చెల్లదు. పాత సాక్ష్య చట్టములోను, 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియములోను ఈ కట్టుబాటు ఉన్నది. ఎవనినైనను తనమీద తానే సాక్ష్యము చెప్పుమని బలవంతము చేయరాదని మన రాజ్యాంగము 20వ అధికరణములో చెప్పినది. మరి ఊదుమనుట బలవంతపు సాక్ష్యము కాదా? వ్రేలిముద్రలు, చేవ్రాత నమూనాలు ఇచ్చుట ఆ అధికరణము క్రిందికి రాదని సుప్రీం కోర్టు 1961లో తీర్పు చెప్పెను. ఆ వాదము ప్రకారము ఊపిరియు రక్తమును నోటి సాక్ష్యముతో సమానము కావు. దేహమును పరీక్షించవచ్చును గాని నాలుకను పిండి మాట తీయరాదు అన్నమాట.

ఏలీ చూపు

ఇంత కట్టడి ఎందుకని కొందరు విసుగుకొందురు. “కంపు కొట్టుచున్నది, తూలుచున్నాడు, ఇంకేమి రుజువు కావలెను?” అందురు. అట్టివారు షిలోహులోని మందిరమును జ్ఞాపకము చేసికొనవలెను. హన్నా ప్రార్థన చేయుచుండగా ఆమె పెదవులు కదలుచుండెను గాని స్వరము వినబడలేదు. యాజకుడైన ఏలీ ఆమెను చూచి మత్తురాలనుకొని మందలించెను. ఏలీ చెడ్డవాడు కాడు, అనుభవము లేనివాడు కాడు, దేవుని మందిరమునందే కూర్చుండినవాడు. అయినను అతని కన్ను పొరబడెను. గొడ్రాలి దుఃఖము అతనికి త్రాగుబోతు తనముగా కనబడెను. హన్నా తన మాట తాను చెప్పుకొనినది, ఏలీ విన్నాడు. ఆమె మాట వినకుండ మందలింపుతోనే సరిపెట్టియుండినయెడల ఏమగును?

పెంతెకొస్తు దినమునను అట్లే జరిగినది. శిష్యులను చూచి కొందరు వీరు క్రొత్త మద్యముతో నిండినవారని ఎగతాళి చేసిరి. పేతురు కోపపడలేదు, కాలము చూపెను. ప్రొద్దు పొడిచి ఇంకను మూడు గంటలే అయినదని అతడు చెప్పినది వాదము కాదు, రుజువు.

మన దేశపు కోర్టులు ఈ జాగ్రత్తనే నేర్చుకొనియున్నవి. 1971లో సుప్రీం కోర్టు ముందుకు వచ్చిన బచ్చుభాయ్ కేసులో, నోట వాసన, తడబడు నడక, తడబడు మాట, విప్పారిన కనుపాపలు డాక్టరు చూచినాడు గాని రక్తమును మూత్రమును పరీక్ష చేయించలేదు. ఆ లక్షణములు మాత్రమే చాలవని కోర్టు చెప్పెను. 2025లో మన తెలంగాణ హైకోర్టు ముందుకు ఒక ఆర్టీసీ డ్రైవరు సంగతి వచ్చెను. రక్తపరీక్షవంటి నిర్ధారణ లేకుండ, ఊదుడు యంత్రపు అంకె ఒక్కదానినే పట్టుకొని ఉద్యోగమునుండి తొలగించుట తగదని కోర్టు చెప్పెను. అది ఉద్యోగమునకు సంబంధించిన తీర్పు. 185వ సెక్షను క్రింద యంత్రపు అంకె సాక్ష్యమే; దానిని ఎవరును తేలికగా తీసికొనరాదు. అయితే ఒక మనిషి కూడు పోవుచున్నప్పుడు రెండవసారి చూడుమను ఆ మాటలో ధర్మము కలదు. ఒక్క సాక్షి మాటమీద నేరము స్థిరపరచరాదనియు, ఇద్దరు ముగ్గురు సాక్షులు కావలెననియు ద్వితీయోపదేశకాండము చెప్పుటలో ఉద్దేశము ఇదియే.

‘నిరూపించుడి’ అనుట అబద్ధమా?

ఇప్పుడు మొదటివాని ప్రశ్నకు వత్తము. కోర్టులో మెజిస్ట్రేటు నేరారోపణ సారాంశమును వినిపించి, ఒప్పుకొందువా, చెప్పుకొనునది ఏమైనను కలదా అని అడుగును. ఇది పూర్వము 251వ సెక్షను, ఇప్పుడు భారతీయ నాగరిక సురక్షా సంహితలో 274వ సెక్షను. ఒప్పుకొన్నయెడల, సాధ్యమైనంతవరకు ఆ మనిషి పలికిన మాటలలోనే ఆ ఒప్పుకోలును వ్రాసికొనవలెనని తరువాతి సెక్షను చెప్పుచున్నది. చదువరులు ఈ మాటను గమనించవలెను. గుమాస్తా మాటలలో కాదు, వకీలు మాటలలో కాదు, అతని మాటలలోనే. ఒప్పుకోలు అద్దెకు తెచ్చుకొనునది కాదని చట్టమునకు కూడ తెలుసును.

ఒప్పుకొననియెడల సాక్షులను పిలిచి, చీటీని చూపి, డాక్టరును విచారించి నేరమును రుజువు చేయుట ప్రభుత్వము పని. కాబట్టి “నేను ఒప్పుకొనను” అను మాటకు కోర్టు భాషలో అర్థము “నేను త్రాగలేదు” అని కాదు. “రుజువు చేయుడి” అని. సాయంత్రము ఒక గ్లాసు కల్లు త్రాగి నాలుగు గంటల తరువాత బండి ఎక్కినవానికి తన రక్తములో 30 మించినదా లేదా తనకే తెలియదు. తెలియనిదానిని రుజువు చేయుమని అడుగుటలో అబద్ధమేమియు లేదు. మేము ఇంకొక మాట చెప్పుదుము. నేరము చేసినవాడు అడుగు ఈ హక్కే నేరము చేయనివానికి కోట. దోషి యొద్దనుండి దానిని లాగివేసినయెడల, మరునాడు హన్నా యొద్ద కూడ అది ఉండదు.

అయితే ఇక్కడ ఒక గీత కలదు. మౌనముగా ఉండుట వేరు, అబద్ధమాడుట వేరు. “రుజువు చేయుడి” అనువాడు గీతకు ఇవతల ఉన్నాడు. “ఆ బండి నడిపినవాడు నేను కాదు, మా జీతగాడు” అనువాడు గీత దాటెను. ఇట్టి సంగతులు మన జిల్లాలలోనే కాదు, ఎక్కడనైనను జరుగును. డబ్బున్నవాడు బండి నడుపును. పేదవాడు కేసు మోయును. వానికి కొంత పైకము ఇచ్చి, జుర్మానా మేమే కట్టెదమందురు. వాని లైసెన్సు పోవుట, వాని పేరున నేరము నిలుచుట ఎవరును లెక్కపెట్టరు.

యెజ్రెయేలులో నాబోతు సంగతి చదివితిరి గదా. అక్కడ కట్టుబాటు తప్పలేదు. ఇద్దరు సాక్షులు కావలెననగా ఇద్దరు వచ్చిరి. పెద్దలు కూర్చుండిరి, విచారణ జరిగెను. రూపమంతయు సరిగా ఉండెను. లోపల మాత్రము రక్తాపరాధము. రుజువు నియమములు ఎంత మంచివైనను, వాటిలో నిలుచు మనుష్యులు అబద్ధికులైనప్పుడు ఆ నియమములే హత్యకు ఆయుధములగును. కాబట్టి మూడవవానికి, అనగా తమ్ముని కొరకు ఒక్క మాట అడుగువానికి, మా జవాబు సూటియైనది. ఆ మాట మేము చెప్పము, మీరును చెప్పకుడి. న్యాయవిచారణలో అబద్ధ సాక్ష్యము చెప్పినవానికి భారతీయ న్యాయ సంహితలో ఏడు సంవత్సరములవరకు జైలు కలదు. ఆ భయము లేకపోయినను తొమ్మిదవ ఆజ్ఞ కలదు. పాదిరి మాటకు, సంఘ పెద్ద మాటకు ఊరిలో విలువ ఉన్నదనుట నిజమైతే, ఆ విలువ దేనివలన వచ్చెనో ఆలోచింపుడి. దానిని ఒక్క కేసుకొరకు అమ్మినయెడల మరునాటినుండి ఆ మాటకు విలువయే ఉండదు.

తనమీద తానే అబద్ధ సాక్ష్యము

రెండవవాని ప్రశ్న మమ్మును ఎక్కువగా కలవరపెట్టుచున్నది. త్రాగలేదు గాని ఒప్పుకొని వచ్చెదనను మనిషి. సిరిసిల్లలో సాంచెల మీద పని చేయువానిని తలంచుడి. ఒక దినము కోర్టుకు పోయిన ఆ దినపు కూలి పోవును. వాయిదా తరువాత వాయిదా అయినయెడల ఇల్లు గడవదు. గల్ఫుకు పోవుటకు పాసుపోర్టు సిద్ధము చేసికొన్న కోరుట్ల పడుచువానికి పెండింగు కేసు అన్నంతనే గుండె జల్లుమనును. లోక్ అదాలత్ దినమున నూరుగురు వరుసగా నిలిచి ఒప్పుకొని పోవుచుండగా, తానొక్కడు వరుస తప్పి “నేను చేయలేదు” అనుటకు ధైర్యము కావలెను.

వాని కష్టము మేము ఎరుగుదుము. అయినను చెప్పవలసినది చెప్పుదుము. పొరుగువాని మీద అబద్ధ సాక్ష్యము పలుకరాదు అను ఆజ్ఞ నీమీద నీవు పలుకుకొను అబద్ధమునకు సెలవు ఇయ్యదు. నీవును ఒకనికి పొరుగువాడవే. పైగా ఆ ఒప్పుకోలు అంత చవుక కాదు. మొదటి నేరముగా అది వ్రాయబడును. రేపు నిజముగానో పొరబాటుగానో మరియొక కేసు వచ్చినయెడల అది రెండవ నేరమగును, శిక్ష పెరుగును. జుర్మానాతో పోవుననుకొన్నది లైసెన్సును కూడ తీసికొనిపోవచ్చును. డ్రైవరుగా బ్రదుకువానికి అది పొయ్యిమీది కుండను దించినట్లే.

“ఒప్పుకో, చిన్న జుర్మానాతో పోవును” అని నమ్మించి ఒప్పించుట కూడ న్యాయము కాదు. తిప్పేస్వామి అను కర్ణాటక కేసులో సుప్రీం కోర్టు ఈ మాటయే చెప్పెను. తేలికగా విడిచిపెట్టెదమను ఆశ చూపి ఒప్పుకోలు తీసికొని, పిమ్మట అప్పీలులో ఆ ఒప్పుకోలు మీదనే శిక్ష పెంచుట రాజ్యాంగపు 21వ అధికరణమునకు విరుద్ధము అనెను. కాబట్టి ఎవడైనను ఒప్పుకొనకమునుపు దాని ఫలితమంతయు తెలిసికొనవలెను. వకీలుకు ఇచ్చుటకు లేనివారు జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడుగవచ్చును. 1987వ సంవత్సరపు చట్టము క్రింద స్త్రీలకును, షెడ్యూల్డు కులములవారికిని, తెగలవారికిని, పరిశ్రమలలో పనిచేయు కార్మికులకును, కస్టడీలో ఉన్నవారికిని ఉచితముగా న్యాయ సహాయము పొందు హక్కు కలదు. మన సంఘములలో చాలమందికి ఈ హక్కు వర్తించును. అయితే కొద్దిమందికే తెలియును.

పొడుచు ఎద్దు

ఇంతవరకు చెప్పినది చూచి, పాదిరిగారు త్రాగుబోతుల పక్షము పట్టెనని ఎవరైనను అనుకొందురేమో. కాదు. రోడ్డుమీద చచ్చినవారు కోర్టులో ఏమియు చెప్పుకొనలేరు గనుక వారి మాట కూడ తలంచవలెను.

2006 నవంబరు 12 తెల్లవారుజామున బొంబాయి బాంద్రాలో త్రాగి కారు నడిపిన ఒక యువకుడు కాలిబాట మీద నిద్రించుచున్న కూలివారి మీదికి కారు ఎక్కించెను. ఏడుగురు చనిపోయిరి, ఎనిమిదిమందికి గాయములు తగిలెను. ఇది ఒట్టి అజాగ్రత్త కాదు, త్రాగి వేగముగా నడిపినయెడల ప్రాణములు పోవచ్చునని తెలిసియుండి చేసిన పని అని 2012లో సుప్రీం కోర్టు తీర్పు చెప్పి మూడు సంవత్సరముల శిక్షను స్థిరపరచెను. 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరు యొద్ద త్రాగి మోటారు సైకిలు నడిపిన ఒకడు డివైడరును కొట్టుకొని పడి చనిపోయెను. హైదరాబాదు నుండి బెంగుళూరుకు పోవుచున్న బస్సు రోడ్డుమీద పడియున్న ఆ బండిమీదికి పోగా మంటలు లేచి, బస్సులోని 19 మంది ఆహుతియైరి. అతడు త్రాగియుండెనని పిమ్మట ఫోరెన్సిక్ పరీక్షలో తేలెను. ఎవరినైనను చంపవలెనని అతడు బండి ఎక్కలేదు. అట్లు తలంచి ఎక్కువాడు ఎవడును ఉండడు. ఇందులోని భయంకరత అదియే.

నిర్గమకాండము 21వ అధ్యాయములో పొడుచు ఎద్దును గూర్చిన విధి కలదు. ఎద్దు అకస్మాత్తుగా ఒకనిని పొడిచి చంపినయెడల ఎద్దును చంపుదురు, యజమానుడు నిర్దోషి. అయితే ఆ ఎద్దు అంతకుముందు పొడుచునదని యజమానునికి తెలియజేయబడియు అతడు దానిని కట్టివేయకపోయినయెడల, నేరము యజమానునిమీదికి వచ్చును. ఈనాటి చట్టము చేయు భేదము ఇదే. అజాగ్రత్త వలన మరణము కలిగించినవానికి న్యాయ సంహిత 106వ సెక్షను క్రింద అయిదు సంవత్సరములవరకు. మరణము సంభవించవచ్చునని ఎరిగి చేసినవానికి 105వ సెక్షను క్రింద పది సంవత్సరములవరకు. మొదటిసారి ఊది పట్టుబడినవానికి ఆ చీటీయే “నీ ఎద్దు పొడుచునది” అని వచ్చిన కబురు. ఆ కబురు అందిన తరువాత “నాకు తెలియదు” అను మాటకు చోటులేదు.

కేసు కొట్టివేయబడినను ఆ కబురు కొట్టివేయబడదు. డాక్టరు రాలేదు, రెండు గంటలు దాటినవి, చీటీలో పేరు తప్పు వచ్చినది, సాక్షి హాజరు కాలేదు. వీటివలన విడుదల పొందినవానిని మేము దూషింపము. నియమము తప్పినప్పుడు విడిచిపెట్టుటయే న్యాయము. అయితే ఆ మనిషి ఇంటికి వచ్చి దీపము ఆర్పి పండుకొన్నప్పుడు, ఆ రాత్రి తాను తూలుచు బండి ఎక్కిన సంగతి అతనికి తెలుసును. కోర్టు విడుదల క్షమాపణ కాదు. అట్లే కోర్టు జుర్మానా మారుమనస్సు కాదు. పదివేలు కట్టి, రశీదు జేబులో పెట్టుకొని, ఆ సాయంత్రమే బెల్టు షాపు ముందు బండి ఆపినవాడు కోర్టు బాకీ తీర్చెను గాని తన పొరుగువాని ప్రాణము బాకీ తీర్చలేదు.

ఒప్పుకోలు పండు

మరి త్రాగి నడిపితినని నిశ్చయముగా ఎరిగినవాడు ఏమి చేయవలెను? మా తలంపు ఇది. అతనిని ఎవరును బలవంతపెట్టరాదు. బలవంతముగా తీసిన ఒప్పుకోలు ఒప్పుకోలు కాదు. అయితే అతని మనస్సాక్షి అతనిని పురికొల్పినయెడల, ఎవరి మాటలో కాక తన మాటలలోనే మెజిస్ట్రేటు ఎదుట నిజము చెప్పుట మేలు. యెహోషువ ఎదుట ఆకాను ఏమి తీసెనో, ఎంత తీసెనో, ఎక్కడ దాచెనో విడివిడిగా చెప్పెను. అయినను దూతలు పరుగెత్తి డేరాలో త్రవ్వి చూచిరి. ఒప్పుకొన్నాడు గదా అని రుజువును విడువలేదు. రుజువు సమాజము కొరకు, ఒప్పుకోలు ఆ మనిషి కొరకు. ఒకదాని పని ఒకటి చేయజాలదు.

ఆకానుకు ఒప్పుకొనిన తరువాత దిద్దుకొను కాలము మిగులలేదు; జక్కయ్యకు మిగిలెను. అతని ఒప్పుకోలు నోటితో ఆగలేదు. ఎవనియొద్దనైనను అన్యాయముగా తీసికొన్నయెడల నాలుగంతలు తిరిగి ఇత్తునని లెక్క చెప్పెను. త్రాగి నడిపినవాని లెక్క ఏమి? బండి తాళము ఇంటిలోనివారి చేతికి ఇచ్చుట. పెండ్లికి, బోనాలకు, చావు దినమునకు పోవునప్పుడు బస్సెక్కుట. ఎవరికైనను గాయము చేసియున్నయెడల, ఇన్సూరెన్సువారు ఇత్తురు లెమ్మని కూర్చుండక, వారి ఇంటికి పోయి నిలుచుట. వ్యసనము చేతులు కట్టివేసినయెడల డాక్టరు యొద్దకు పోవుట. అందులో సిగ్గుపడవలసినది లేదు.

సంఘము చేయవలసినది కూడ కలదు. 2021 నవంబరులో తెలంగాణ హైకోర్టు ఒక ఉత్తరువు ఇచ్చెను. త్రాగినవాడు పట్టుబడినప్పుడు అతనితోకూడ త్రాగని మనిషి లైసెన్సుతో ఉన్నయెడల బండిని అతనికి అప్పగించవలెను. ఎవరును లేనియెడల దగ్గరి బంధువును పిలిపించవలెను. ఎవరును రానప్పుడే బండిని స్టేషనులో ఉంచవలెను అని అందులో చెప్పబడినది. ఇది చదివినప్పుడు మాకు తోచినది ఇది. ఆ రాత్రి ఫోను మ్రోగినప్పుడు లేచి పోవుటకు ప్రతి సంఘములోను ఒకరిద్దరు త్రాగని సహోదరులు ఉండవలెను. పోలీసువారితో తగవులాడుటకు కాదు, ఫలానా నాయకుని పేరు చెప్పుటకు కాదు. మనిషిని క్షేమముగా ఇంటికి చేర్చుటకు. అంతకంటె మేలైనది కలదు. బండి ఎక్కకమునుపే “తమ్మీ, తాళం ఇటియ్యి, నేను దించి వస్త” అని అడుగు సహోదరుడు. అతడు ఏ కోర్టులోను సాక్షిగా పిలువబడడు. అతనివలన కేసే పుట్టదు.

కోర్టులు తమ పని చేయనీయుడి. అవి కంటికి కనబడినదానిని, కొలతకు దొరికినదానిని తూచుచున్నవి. మనుష్యుల చేతిలో అంతకంటె మంచి త్రాసు లేదు. మనము ఆ త్రాసులో అబద్ధపు రాయి వేయకయుందము. మనకొరకైనను వేయవద్దు, మన తమ్ముని కొరకైనను వేయవద్దు, మనకు విరోధముగానైనను వేయవద్దు. ఆ త్రాసుకు అందనిది ఏమైనను మనలో మిగిలియున్నయెడల, చీటీయు సాక్షియు లేకయే దానిని ఎరిగిన దేవుని ఎదుట మన మాటలలోనే చెప్పుకొందము.